ట్యాంకు మీద మూడు గీతలు

ఫిబ్రవరి 9, ఆదివారం

బళ్ళ పనులు రాసుకునే జాబ్ పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను. రేపు ఎవరైనా అడిగితే తేదీలు కలవాలి. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటే మంచిది.

గురువారం, ఫిబ్రవరి 6, పగలు పదకొండూ ఇరవైకి మా షెడ్డులో సర్వేయరు గారి జీపు పెట్రోలు ట్యాంకు పేలింది. ట్యాంకు అప్పుడు జీపుకి లేదు. విప్పి బల్ల మీద పెట్టి ఉంది. దానికి రిటర్న్ లైను, అంటే పెట్రోలు తిరిగొచ్చే గొట్టం, అతకడానికి నా బావమరిది గ్యాస్ టార్చి వెలిగించాడు. అతని కుడి చెయ్యి, మెడ, ముఖం కుడివైపు కాలాయి. నేను బయట రోడ్డు మీద ఉన్నాను. నాకేం కాలేదు.

పాత ట్యాంకుకి మంట తగిలించే ముందు మూడుసార్లు కడగాలని మా షెడ్డులో నియమం. ఒకసారి సబ్బు నీళ్ళతో. రెండోసారి వేడి నీళ్ళు పోసి గంట నానబెట్టాలి. మూడోసారి మళ్ళీ వేడి నీళ్ళు, ఆపైన కంప్రెసర్ గాలి. కడిగిన ప్రతిసారీ కడిగినవాడు ట్యాంకు పక్కన సుద్దముక్కతో ఒక గీత గియ్యాలి. మూడు గీతలుంటేనే టార్చి వెలుగుతుంది. ఈ నియమం పెట్టింది బావమరిదే. కడగడం నా పని, అతకడం అతని పని. పద్నాలుగేళ్ళుగా ఇంతే.

ట్యాంకు మీద మూడు గీతలున్నాయి.

ఆ రోజు సాయంత్రం షెడ్డు ఊడ్చాను. స్టవ్ కట్టేశాను. తాళం వేశాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆసుపత్రిలో బావమరిది ఇవాళ మాట్లాడాడు.

"నీకు జుట్టు ఊడటానికి ఇరవై ఏళ్ళు పట్టింది బావా. నాకు చూడు, నిమిషం కూడా పట్టలేదు" అన్నాడు.

కనుబొమ్మలు లేవు. నవ్వితే మెడ దగ్గర చర్మం లాగుతుందని, నవ్వొద్దని నర్సు చెప్పింది.

"మా బావ మొహం ఎదురుగా పెట్టి నవ్వొద్దంటే ఎలా సిస్టర్?"

మా ఆవిడ నవ్వింది, తమ్ముడు మాట్లాడినందుకు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఫైర్ స్టేషన్ నుంచి ఒకాయన వచ్చాడు. చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు. ట్యాంకు ఒక వైపు చీలి పువ్వులా విచ్చుకుంది. గీతలున్న వైపు రేకు చెక్కుచెదరలేదు. ఫోటో తీసుకున్నాడు.

"ఈ గీతలేంటి?"

నియమం చెప్పాను.

"ఎన్నున్నాయి?"

"మూడు."

"ఎవరు గీశారు?"

"నేనే."

రాసుకున్నాడు. మూలల్లో పెట్రోలు ఆవిరి చిక్కుకుపోయి ఉంటుంది, పాత ట్యాంకులతో ఇదే తంటా అన్నాడు. సంతకం పెట్టించుకున్నాడు. నేను చెప్పినవన్నీ నిజాలే.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఆసుపత్రికి వెళ్ళాను. పడుకుని ఉన్నాడు. వచ్చేశాను.

ఫిబ్రవరి 20, గురువారం

మా ఆవిడ క్యారియర్ కడగడానికి కొళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు బావమరిది అడిగాడు.

"బావా, గీతలు ఎన్నున్నాయి?"

"మూడు."

"చూశావా?"

"చూశాను. ఫైరాయన ఫోటో కూడా తీశాడు."

కాసేపు పైకప్పు వైపు చూశాడు. "నాకు టార్చి తీసింది గుర్తుంది. లైటర్ కొట్టింది గుర్తుంది. మధ్యలో గీతల వైపు చూశానో లేదో మాత్రం రావట్లేదు. చూడకుండానే వెలిగించానేమో."

"మూడున్నాయన్నానుగా."

"ఉంటే ఉండనీ. నేను చూడటం చూడాలి కదా. అసలు ట్యాంకులో ముక్కు పెట్టి వాసన చూడాలి, అదీ గుర్తులేదు. మూడుసార్లు కడిగిన ట్యాంకు పేలదు బావా. నేనే ఏదో వెధవ పని చేసి ఉంటాను. పక్కనున్న పెట్రోలు డబ్బా మూత తీసి ఉందేమో."

డబ్బా మూత వేసే ఉంది. ఆ మాట చెప్పాలనుకున్నాను. మా ఆవిడ వచ్చేసింది.

ఫిబ్రవరి 27, గురువారం

ఇంటికి పంపించారు. కుడి చేతి చివరి మూడు వేళ్ళు వంగిపోయి ఉన్నాయి. రబ్బరు బంతి ఇచ్చి రోజుకు రెండు వందలసార్లు నొక్కమన్నారు. ఆటోలో నా పక్కనే కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా నా భుజం మీదికి ఒరిగాడు.

మార్చి 3, సోమవారం

సర్వేయరు గారు వచ్చారు. రిటైరై తొమ్మిదేళ్ళయినా దేన్నైనా కళ్ళతోనే కొలిచేస్తారు. స్క్రాపు షాపులో అదే మోడల్ ట్యాంకు ఇంకొకటి సంపాదించి తెచ్చారు. మూత తీస్తే పెట్రోలు వాసన గుప్పుమంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన చూశారు.

"నువ్వు చెయ్యలేనంటే చెప్పు, ఏం అనుకోను. ఇంకోచోటికి మాత్రం తీసుకెళ్ళను. అలాగే మూల పడి ఉంటుంది" అన్నారు.

"చేస్తానండి."

"ఒకటి చెప్పు. ముప్ఫై ఏళ్ళు ఒక్క గొట్టంతో నడిచిన బండి. ఇప్పుడు ఈ రెండోది ఎందుకంట?"

కార్బ్యురేటర్ తీసి ఇంజెక్షన్ పెట్టిస్తున్నది ఆయనే, చలికాలంలో బండి స్టార్టవక. ఈ ప్రశ్న ఇప్పటికి మూడోసారి అడిగారు. మళ్ళీ చెప్పాను. కార్బ్యురేటర్ కావలసినంతే తీసుకుంటుంది. ఇంజెక్షన్ పంపు అలా కాదు, ఇంజను తాగినా తాగకపోయినా ఒకే ఊపున నెడుతూనే ఉంటుంది. తాగగా మిగిలింది తిరిగి ట్యాంకులో పడాలి. దానికే రెండో గొట్టం.

"అంటే వద్దన్నా వడ్డించే మా అక్కయ్య లాంటిదన్నమాట."

"అంతేనండి."

"మరి వెనక్కి పోవడానికి దారి లేకపోతే?"

"ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కడో ఒకచోట తెగుతుంది."

మార్చి 8, శనివారం

చెల్లెలు ఫోన్ చేసింది. చెల్లెలంటే బావమరిది భార్య. గొంతు తగ్గించి మాట్లాడింది. పక్క గదిలో అతనున్నట్టున్నాడు.

"అన్నయ్యా, ఆయన వరస ఏం బాగోలేదు. పొయ్యి కట్టేశామా అని పడుకున్నాక కూడా లేచి చూసి వస్తున్నారు. ఒకసారి కాదు, పది పదిహేనుసార్లు. చూసి వచ్చి, చూశానా అని నన్నడుగుతారు. పాపకి పాలు చల్లార్చి ఇమ్మంటే గ్లాసు ముట్టుకోలేదు. వేడిగా ఉందో లేదో నాకు తెలియదు, నువ్వే చూడు అంటారు. మీ మాటైతే వింటారు. మీరొకసారి చెప్పరూ?"

"చెప్తానమ్మా."

"మీరు చెప్తే నమ్ముతారు అన్నయ్యా."

వెళ్ళాను. డాక్టరు చెప్పినట్టు బంతి నొక్కమని చెప్పాను.

మార్చి 12, బుధవారం

లేత్ పని చేసే టర్నరు దగ్గరికి వెళ్ళాను. ట్యాంకులో దిగే రిటర్న్ గొట్టానికి చిన్న ఫిట్టింగ్ కావాలి. కాగితం మీద గీసి చూపించాను, అతకడానికి వీలుగా కింద అంచు ఉండాలని. అతను లేత్ ఆపకుండానే చూసి కాగితం తిరిగి ఇచ్చేశాడు.

"అతకడమెందుకయ్యా?"

"మరి?"

"పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లు కోసం ట్యాంకు మీద గుండ్రటి పళ్ళెం ఉంటుందిగా, అయిదు స్క్రూలది. దాన్ని ఊడదీసుకుని నా దగ్గరికి తీసుకురా. ట్యాంకు నీ షెడ్డులోనే ఉండనీ. పళ్ళేనికి డ్రిల్లు వేస్తా, మర ఉన్న ఫిట్టింగ్ దించి పైనొక నట్టు, కిందొక నట్టు. రెండు వాషర్లు. అయిపోయె. దీనికి మంటతో పనేముంది?"

అప్పుడు గుర్తొచ్చినట్టు లేత్ ఆపాడు. "అయ్యో, మీ వాడికి ఎలా ఉంది?"

బాగానే ఉందన్నాను. అయిదు స్క్రూలు. పద్నాలుగేళ్ళలో మేమిద్దరం ఈ పళ్ళేన్ని కొన్ని వందలసార్లు విప్పి ఉంటాం.

మార్చి 17, సోమవారం

పళ్ళెం బిగించాను. లోపలికి దిగే గొట్టం పెట్రోలు మట్టానికి కిందే తెరుచుకోవాలి, పైనుంచి పడితే నురగ వస్తుంది. పంపు పీల్చుకునే గొట్టానికి అవతలి మూలకి తిప్పి పెట్టాను. తిరిగి వచ్చే పెట్రోలు వేడిగా, బుడగలతో వస్తుంది. అదే మళ్ళీ పంపులోకి పోతే పంపు ఊపిరాడనట్టు అరుస్తుంది.

స్క్రూలు అయిదూ బిగించాను. ఒకటి విప్పి మళ్ళీ బిగించాను.

ఆ పేలిన ట్యాంకుని నేను రెండుసార్లు కడిగాను. సబ్బు నీళ్ళతో ఒకసారి. వేడి నీళ్ళు పోసి గంట నానబెట్టి ఒకసారి. ఈ రెండూ నాకు స్పష్టంగా గుర్తున్నాయి.

మార్చి 21, శుక్రవారం

ట్యాంకు ఎక్కించాను. రిటర్న్ లైను ఎనిమిది మిల్లీమీటర్ల స్టీలు గొట్టం. ఛాసిస్ లోపలి అంచు వెంట తీసుకొచ్చాను, సైలెన్సరు ఎడమవైపు కాబట్టి లైను కుడివైపు. అడుగుకో క్లాంపు. రెండు చివర్లా మాత్రం రబ్బరు హోసు, ఇంజెక్షన్‌కి పనికొచ్చే మందపాటిది, దానికీ క్లాంపులు. షాపువాడు కార్బ్యురేటర్ హోసు చేతిలో పెట్టబోయాడు, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. వద్దన్నాను.

వెనక ఇరుసు మీదుగా వచ్చే వంపు చేత్తోనే వంచాను. గొట్టాలు వంచే బెండరు బావమరిది పెట్టెలో ఉంది. పెట్టె తెరవలేదు.

మార్చి 22, శనివారం

పని లేదు. షెడ్డులో కూర్చున్నాను.

మార్చి 26, బుధవారం

ఇంజను స్టార్టయింది. పెట్రోలు ఒత్తిడి చూపే గేజిలో మూడు ఉండాలి. నాలుగున్నర చూపిస్తోంది. పొగ నల్లగా వస్తోంది. ఒత్తిడి సర్దే రెగ్యులేటర్ మార్చాను. నాలుగున్నరే. గేజి మార్చాను. నాలుగున్నరే.

మార్చి 29, శనివారం

గాలి ఊది చూశాను. ఇరుసు మీది వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోయింది. పైకి కనిపించడం లేదు. వేలితో తడిమితే తెలుస్తోంది. సగం దారి మూసుకుపోయింది.

బావమరిది పెట్టె తెరిచి బెండరు తీసుకున్నాను. పెట్టెలో పైనే తువ్వాలు, దాని కింద అరడజను సుద్దముక్కలు. కాగితంలో చుట్టి పెట్టుకున్నాడు, తడవకుండా. గొట్టం కొత్తది వంచి వేశాను. గేజి మూడు దగ్గర నిలబడింది. గొట్టం మీద వేలు పెట్టి చూస్తే పెట్రోలు ఒకే తీరుగా ట్యాంకులోకి పారుతున్నట్టు తెలుస్తోంది.

పెట్టె మూసేశాను.

ఏప్రిల్ 5, శనివారం

మా ఇంటికొచ్చాడు. అక్క చేతి వంట తిన్నాడు, ఎడమ చేత్తో స్పూనుతో. తిన్నాక చెప్పాడు. బస్సు డిపోలో టికెట్ల కౌంటర్లో ఉద్యోగం ఉందట. మామగారి స్నేహితుడు మాట్లాడిపెట్టాడు. పద్దెనిమిదో తారీఖు నుంచి రమ్మన్నారు.

"ఎడమ చేత్తో టికెట్లు చించొచ్చు" అన్నాడు.

"చెయ్యి బాగవుతుందిరా, డాక్టరు చెప్పారుగా" అంది మా ఆవిడ.

"చెయ్యి కాదక్కా. చెయ్యి బాగయినా నేనిక షెడ్డుకి పోను. చూసింది చూశానో లేదో తెలియనివాడు టార్చి పట్టుకోకూడదు. ఈసారి నా పక్కన బావ ఉంటే? నేను బావని కాల్చేస్తే?"

"అదేం మాటరా."

"ఉన్న మాటే. ఆ రోజు బావ రోడ్డు మీద ఉండబట్టి సరిపోయింది. దేవుడే ఆయన్ని బయటికి పంపించాడు."

నేను మంచినీళ్ళు తాగాను. మా ఆవిడ నా వైపు చూసింది. షెడ్డుకే రమ్మని నేను చెబుతాననుకుంది.

"కౌంటరు పని సుఖమే. ఫ్యాను కూడా ఉంటుంది" అన్నాను.

ఏప్రిల్ 9, బుధవారం

"వాడికి ఈ పని తప్ప ఇంకోటి రాదు. పద్నాలుగేళ్ళు కష్టపడి నేర్చుకున్న పని వదులుకుంటున్నాడు. మీరు ఒక్క మాట గట్టిగా ఎందుకనరు?" అంది మా ఆవిడ.

"వాడిష్టం."

"ఇష్టం కాదు, భయం. వాడి తప్పేం లేదని మీరైనా చెప్పొచ్చు కదా. అలా చెప్తే మీకేం పోతుందండీ?"

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. పళ్ళేలు తీసి కడిగింది.

ఏప్రిల్ 12, శనివారం

చెప్పడానికి బావమరిది ఇంటికి వెళ్ళాను. గుమ్మం దగ్గర చెల్లెలు ఎదురొచ్చింది. లోపల అతను పాపకి బొమ్మ రైలు పట్టాలు అమరుస్తున్నాడు, ఎడమ చేత్తో. "బావా, ఈ పట్టా సరిగా కలిసిందా చూడు" అన్నాడు. కలిసింది. కలిసిందన్నాను. ఇంకోసారి చూడమన్నాడు.

టీ తాగి వచ్చేశాను.

ఏప్రిల్ 15, మంగళవారం

నియమం ప్రకారం కడిగిన తర్వాత గీత గియ్యాలి. కానీ కడిగాక రేకు తడిగా ఉంటుంది. తడి రేకు మీద సుద్ద అంటదు. తుడవాలి, ఆరాలి, అప్పుడు గియ్యాలి. ఎప్పుడైనా బావమరిదే కడగాల్సి వస్తే అలాగే చేసేవాడు, తువ్వాలుతో తుడిచి. నేను ఆరేదాకా ఆగలేక నీళ్ళు పొయ్యబోయే ముందే గీసేవాణ్ని. ఎలాగూ పోస్తానుగా అని. ఆరేళ్ళయి ఉంటుంది అలా మొదలుపెట్టి. అతనికి తెలియదు.

ఫిబ్రవరి 6న మూడో గీత పొడి రేకు మీద గీశాను. నీళ్ళు స్టవ్ మీద ఉన్నాయి, ఇంకా కాగలేదు. రోడ్డు మీద ఎవరో వ్యానాయన ఆపి, స్లో స్పీడులో బండి ఆగిపోతోంది ఒకసారి చూడండన్నాడు. వెళ్ళాను. కార్బ్యురేటర్ స్క్రూ పావు చుట్టు తిప్పితే సర్దుకునే పని. పది నిమిషాలు మాట్లాడుతూ నిలబడ్డాను. నాలాగా చెవితో స్లో స్పీడు పట్టేవాళ్ళు లేరని అతనంటున్నాడు, నేను వింటున్నాను.

బావమరిది బల్ల దగ్గరికి వచ్చి ఉంటాడు. గీతలు చూసి ఉంటాడు. చూడకుండా అతను ఎప్పుడూ వెలిగించలేదు.

పేలాక అతన్ని ఆసుపత్రిలో చేర్పించి సాయంత్రం వచ్చేసరికి స్టవ్ ఇంకా మండుతోంది. గిన్నెలో నీళ్ళు మరిగి మరిగి అడుగున కాసినే మిగిలాయి. మిగిలినవి పారబోశాను. గిన్నె తోమి బోర్లించాను. అది ఎవరూ చెప్పకుండానే చేశాను.

ఎల్లుండి తన సామాను తీసుకెళ్ళడానికి షెడ్డుకి వస్తానన్నాడు.

ఏప్రిల్ 17, గురువారం

పదింటికి వచ్చాడు. గోడకున్న చిన్న అద్దం, తువ్వాలు, పాత చెప్పుల జత సంచిలో వేసుకున్నాడు. పనిముట్ల పెట్టె వద్దన్నాడు, నన్నే ఉంచుకోమన్నాడు. టార్చి వైపు చూడలేదు.

జీపు సిద్ధంగా ఉంది. స్టార్ట్ చేశాను. వచ్చి పక్కన నిలబడ్డాడు. చాలా రోజుల తర్వాత ఇంజను చప్పుడు విని తల కొద్దిగా వంచాడు, ఎప్పుడూ వంచినట్టే.

"మంట లేకుండా పెట్టావటగా రిటర్న్ లైను. టర్నరు చెప్పాడు."

"ఊఁ. గేజి చూడు, ఎంతుందో."

"నువ్వు చూడు బావా."

"నువ్వు చూడరా."

చూశాడు. "మూడు ఉన్నట్టుంది. నేను చెప్పింది లెక్కలోకి తీసుకోకు. నువ్వొకసారి చూసుకో."

ఇంజను ఆపాను. చెప్పాను.

"ఆ రోజు గీతలు మూడున్నాయి. నువ్వు చూసే వెలిగించావు. మూడోది నేను కడక్కుండా గీశాను. నీళ్ళు స్టవ్ మీదే ఉన్నాయి."

"ఏంటి?"

మళ్ళీ చెప్పాను. తడి రేకు సంగతి, వ్యాను సంగతి, గిన్నె సంగతి, అన్నీ వరుసగా చెప్పాను. అతను నిలబడే విన్నాడు. సంచి చేతిలోనే ఉంది.

"ఎప్పటి నుంచి ముందే గీస్తున్నావు?"

"ఆరేళ్ళ నుంచి."

"ఆరేళ్ళు." సంచి బల్ల మీద పెట్టాడు. "ఆరేళ్ళు నీ గీతలు చూసి వెలిగించాను."

బయటికి వెళ్ళాడు. రోడ్డు దాటి అవతలి అరుగు మీద కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు అక్కడే ఉన్నాడు. తిరిగి లోపలికి వచ్చాడు.

"చెయ్యి సంగతి వదిలెయ్. ఈ పనిలో ఎవరికైనా పోతుంది, రేపు నీకూ పోవచ్చు. ఇవాళ్టికి డెబ్బై రోజులు. రోజూ వచ్చావు. నా మంచం పక్కన కూర్చున్నావు. చూశానో లేదో అని నేను బుర్ర బద్దలుకొట్టుకుంటుంటే పక్కన కూర్చుని కమలాపళ్ళు ఒలిచి పెట్టావు."

అవును. ఒలిచి పెట్టాను.

"నా కూతురికి పాలివ్వడానికి భయపడ్డాను. తెలుసా నీకు?"

"తెలుసు. చెల్లెలు చెప్పింది."

"తెలిసి కూడానా!"

 అనడానికి ఉన్నది అప్పటికే చెప్పేశాను.

"అక్కకి తెలుసా?"

"లేదు."

"సాయంత్రంలోపు నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే రేపు పొద్దున నేను చెప్తాను. నేను చెప్పడం బాగోదు."

సంచి తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. కొడతాడనుకున్నాను. పెట్టె దగ్గరికి వెళ్ళి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. పెట్టె మాత్రం ఇక్కడే ఉంది.

ఏప్రిల్ 18, శుక్రవారం

నిన్న సాయంత్రం ఆరింటికి చెప్పాను. మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. మడతపెడుతూనే విన్నది. అయిపోయాక ఒకటే అడిగింది.

"ఫైరాయన అడిగినప్పుడు ఏం చెప్పారు?"

"మూడు గీతలున్నాయని."

"అబద్ధం చెప్పలేదన్నమాట."

మడతపెట్టిన బట్టల్లోంచి తనవి వేరు చేసింది. తమ్ముడి ఇంటికి వెళ్తున్నానంది. ఎన్నాళ్ళని అడగలేదు. ఆటో దాకా సంచి నేను తీసుకెళ్ళాను. నా చేతిలోంచి తీసుకుంది.

ఏప్రిల్ 19, శనివారం

ఫైర్ స్టేషన్‌కి వెళ్ళాను. ఆ అట్ట పట్టుకున్నాయనే ఉన్నాడు. ఫైలు మూసేశాం, పైకి కూడా పంపించేశాం, ఇప్పుడు దేనికన్నాడు. కాగితం అడిగి అక్కడే కూర్చుని రాశాను. పేజీన్నర వచ్చింది. చదివి నా మొహం చూశాడు.

"కేసు మీ మీదికి వస్తుంది, తెలుసా?"

"తెలుసండి."

"సరే. పిలిచినప్పుడు రావాలి."

రసీదు మీద స్టాంపు వేసి ఇచ్చాడు. జాబ్ పుస్తకంలో పెట్టాను.

ఏప్రిల్ 22, మంగళవారం

సర్వేయరు గారికి జీపు అప్పగించాను. పుస్తకంలో రాసిన పనులు: పళ్ళేనికి రిటర్న్ ఫిట్టింగ్. స్టీలు లైను, ఇరుసు దగ్గర కొత్త వంపు. క్లాంపులు పద్నాలుగు, అన్నీ బిగించాను. ప్రెజర్ మూడు. ఎక్కడా కారడం లేదు.

ట్యాంకు ఎందుకు పేలిందో ఆయనకీ చెప్పాను. బండి ఆయనది కాబట్టి. తాళంచెవి చేతిలోకి తీసుకున్నారు. "నేను బండి తీసుకెళ్తాను. కానీ ఇంకెవరిచేతైనా ఒకసారి చూపిస్తాను. ఏమనుకోకు" అన్నారు.

ఏమీ అనుకోలేదు.

ఏప్రిల్ 24, గురువారం

వంట చేసుకున్నాను.

ఏప్రిల్ 28, సోమవారం

సర్వేయరు గారు ఫోన్ చేశారు.

"మీ బావమరిదినే పిలిపించానోయ్. వస్తాడో రాడో అనుకున్నాను. నిన్న పొద్దున వచ్చాడు. కౌంటరు ఉద్యోగంలో చేరలేదట. చాప వేసుకుని బండి కిందికి దూరాడు. గంటన్నర బయటికి రాలేదు. పైనుంచి నేను, ఎలా ఉందోయ్ అంటే, ఆగండి సార్, చూస్తున్నా అంటాడు. ఒక్కో క్లాంపూ ఎడమ చేత్తో లాగి చూశాడు. బయటికొచ్చి చేతులు కడుక్కుని, లైను బాగుంది, నేను చూశాను, నడుపుకోండి అన్నాడు."

"నన్నేమైనా అడిగాడా అండీ?"

"లేదు."

"సరేనండి."

"ఆఁ, ఇంకో మాట. ట్యాంకు దగ్గర చివరి క్లాంపు వదులుగా ఉందట. కారడం లేదు కానీ, ఒక నెల తిరిగితే కారేదన్నాడు. విప్పి మళ్ళీ బిగించాడు."

ఫోన్ పెట్టేశాక పుస్తకం తీసి చూశాను. ఇరవై రెండో తారీఖు దగ్గర నా చేతిరాతే ఉంది. క్లాంపులు పద్నాలుగు, అన్నీ బిగించాను అని. ఆ చివరిది బిగించినప్పుడు స్పానరు పట్టుకున్నది గుర్తుంది. గట్టిగా తిప్పిందీ గుర్తుంది.

అతను వదులన్నాడు. వదులే.